చుట్టు తిరిగిన రాళ్ళు

ఆ ఎండాకాలంలో మొదట రక్తం కళ్ళజూసింది నేనే. బావి దగ్గర అమోని పన్ను ఊడగొట్టాను.

బావి అంటే ఎండిన ఏట్లో తవ్విన గొయ్యి. నలుగురు ఒకరి కింద ఒకరు నిలబడి చెక్కదోనెలు అందిస్తేగాని నీళ్ళు పైకి రావు. మా తుర్కానా నేలమీద చినుకు పడి అప్పటికి రెండేళ్ళు. నా మేకలెన్నో చెప్పను, మాలో లెక్క చెప్పరు. నా వంతు కోసం పొద్దు పొడిచినప్పటినుంచి నిలబడి ఉన్నాను. ఎండ నడినెత్తికి వచ్చాక అమోని తన ఒంటెల్ని తోలుకొచ్చి నా ముందు దూర్చింది.

"మొగుడు లేని కొంపకి ఇన్ని మేకలెందుకే నబెన్యో? సగం ఎలాగూ చస్తాయి. పక్కకి జరుగు."

దోనె నా చేతిలోనే ఉంది. మూతిమీద ఒక్కటిచ్చాను. అమోని నెత్తురు ఉమ్మి, నా మెడలోని పూసల దండలన్నీ పిడికిట పట్టి మెలిపెట్టింది. నా కళ్ళు తేలిపోయాయి. నా తొమ్మిదేళ్ళ కూతురు నాపువా వచ్చి దాని చెయ్యి కొరికితేగాని వదల్లేదు. దాహం మనుషుల్ని అలా చేసిందని మీరు అనుకుంటారేమో. నేను మొదటినుంచీ అంతే.

మా మామ లొసికె మా గుంపుకంతటికీ పెద్ద. ఆ సంగతి విని కర్రపీటమీద కూర్చునే తీర్పు చెప్పాడు. "ఇంకో నెల ఇక్కడే ఉంటే మగాళ్ళని శత్రువులు చంపక్కర్లేదు, ఆడవాళ్ళే చంపేస్తారు. కదులుదాం."

కదలడం సరే, ఎటు? అక్కడే వచ్చింది తంటా. ముప్ఫై ఇళ్ళవాళ్ళమూ కలిసే వెళ్ళాలి. విడిపోయిన ఇంటిని ఎవరైనా దోచుకుంటారు. చోట్లు మూడున్నాయి. లోరెంగ్ కొండ దగ్గర గడ్డి ఉంది, ఊట ఉంది. కానీ కొండ అవతలివాళ్ళకీ మాకూ మూడు తరాల పగ. కలెమ్ మైదానం ఆరు రోజుల నడక. అక్కడ గడ్డి పలచన, శత్రువు పొడ మాత్రం లేదు. మూడోది ఏటి వంపు. దగ్గరే, కానీ నీళ్ళు నెలకి మించి రావు, పైగా పశువులకి పిడుదుల జబ్బు.

లోరెంగ్ పగ సంగతి మామ దగ్గర ఎత్తకూడదు. నిరుడు అవతలివాళ్ళతో రాజీ చేసింది ఆయనే. తెల్ల ఎద్దుని కోసి, రెండువైపులవాళ్ళూ ఒకే మంటమీద కాల్చుకు తిని, ఒక ఈటెని విరిచి పాతిపెట్టారు. అప్పటినుంచి ఆయన నడకే మారిపోయింది.

ముందు మా పద్ధతిలోనే మేకని కోశారు. పేగులు చర్మంమీద పరిచి, మగవాళ్ళు వయసు వరసలో అర్ధచంద్రంగా కూర్చుని చదివారు. తూర్పువైపు పేగుమీద ఎర్రటి చుక్కలున్నాయి. లోరెంగ్ తూర్పునే.

"రక్తం ఉంది అక్కడ," అన్నాడు ఒక ముసలాయన.

"మేక ముల్లు తిన్నది," అన్నాడు మామ.

"ముల్లు నీ కంట్లో ఉంది, లొసికె."

అంతే, కర్రలు లేచాయి. ఆ ముసలాయన తల పగిలింది. ఆయన కొడుకు మణికట్టుకి కడియంలా తొడుక్కున్న కత్తితో మామ మేనల్లుడి చెవి సగం కోసేశాడు. తెగిన ముక్కని కుక్క ఎత్తుకుపోతుంటే ఇద్దరు ఆడవాళ్ళు దాని వెంటపడ్డారు. పేగులు తొక్కిసలాటలో ఎటో పోయాయి.

మూడో రోజున ముసెంబి వచ్చాడు. దక్షిణాది మనిషి, కళ్ళద్దాలు, మాసిన టోపీ. కరువు ఆఫీసు పంపింది. మొక్కజొన్న లారీ, పశువుల డాక్టరు ఏదో ఒక్క చోటికే వస్తారట. ఏ చోటో మేమందరం కలిసి తేల్చాలట. నేను ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి ఆయన మాటలు మావాళ్ళకి చెప్పే పని నాకు పడింది.

"మూడింట్లో ఏది మంచిదని అడిగితే కొట్టుకుంటారు," అన్నాడాయన. "అందుకని రెండేసి చొప్పున అడుగుదాం. గడ్డి సంగతి ఒకసారి, నీళ్ళ సంగతి ఒకసారి. తర్వాత దూరం, జబ్బు, ప్రాణభయం. ఈ రెండు చోట్లలో ఏది మేలు? కొంచెం మేలైతే ఆ వైపు మూడు రాళ్ళు. బాగా మేలైతే అయిదు. ఇంక మాట్లాడక్కర్లేదు అనుకుంటే తొమ్మిది. రెండూ సమానమైతే ఒక్కటి."

మామ మీసం దువ్వాడు. "పేగు చెప్పలేనిది నీ గులకరాయి చెబుతుందా, మాస్టారూ?"

"రాయి ఏమీ చెప్పదు, పెద్దాయనా. మీరు చెప్పేది మోస్తుంది, అంతే."

మా మగవాళ్ళలో తండ్రి రాళ్ళ జట్టయితే కొడుకు చిరుతల జట్టు, తాతలనాటినుంచి అలా మారుతూ వస్తుంది. మామా, ఆయన ఈడువాళ్ళూ రాళ్ళ జట్టు. చిరుత కుర్రాళ్ళు వెనకనుంచి కూశారు. "రాళ్ళాటలో ముసలాళ్ళని ఎవడు గెలుస్తాడు!"

మొదటి రోజు నలుగురి మధ్యా పెట్టించాడు. మామ ఎలా పెట్టాడో వెనకవాళ్ళందరూ అచ్చం అలాగే పెట్టారు, ఒక్క రాయి తేడా లేకుండా. ముసెంబి పుస్తకం మూసేశాడు.

"ఇంతమందికీ ఒక్కటే బుద్ధా?"

"మామ ముందు ఇంకోలా పెడితే పళ్ళు రాలతాయి, మాస్టారూ," అన్నాను. "పళ్ళు రాల్చడం మా ఇంటి విద్య."

మర్నాడు నా గుడిసెలో పెట్టించాడు. ఇంటికిద్దరు చొప్పున, ఒక్కొక్కరే లోపలికి రావాలి. నా ముందు రాళ్ళు పెట్టాలి, నేను ఎటు ఎన్నో చీటీ రాసి ఆ మనిషి వంతు సొరబుర్రలో వేసి, బుర్రమీద నాకే తెలిసే గుర్తు పెట్టాలి. ఎవరేం పెట్టారో బయట చెప్పనని మా ఆయన సమాధి మీద ఒట్టు వేయించాడు. ఆడవాళ్ళు కూడా పెట్టాలనేసరికి మళ్ళీ రగడ. అమోని మొగుడు దారిలోనే దాన్ని పట్టుకుని కొట్టాడు. అది ఒక కన్ను వాచిపోయి లోపలికి వచ్చి, రెండో కంటితో నన్ను చూసి, ఊడిన పంటి సందు కనపడేలా నవ్వింది.

"ఈ తొమ్మిది రాళ్ళూ మా ఆయన నెత్తిమీద పెట్టనా?"

ఆ రోజునుంచి మేమిద్దరం మాట్లాడుకోవడం మొదలుపెట్టాం.

ముసెంబి రెండు రోజులు లెక్క వేశాడు. మూడో రోజు పొద్దున నన్ను పిలిచాడు. "ఒక బుర్రలో రాళ్ళు చుట్టు తిరుగుతున్నాయి," అన్నాడు.

"అంటే?"

"నువ్వు నాపువాకంటే పొడుగు. నాపువా మేకపిల్లకంటే పొడుగు. ఆ మేకపిల్ల నీకంటే పొడుగని ఎవరన్నా అంటే?"

"తాగొచ్చాడంటాను."

"అదీ సంగతి. ప్రాణభయం దగ్గర ఈ మనిషి ఏటి వంపుకంటే లోరెంగ్ మేలన్నాడు. కలెమ్‌కంటే ఏటి వంపు మేలన్నాడు. మరి లోరెంగ్, కలెమ్ రెండే ఎదురెదురుగా పెట్టేసరికి కలెమ్ వైపు తొమ్మిది పెట్టాడు." ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "లెక్క నువ్వా నేనా అన్నట్టు ఉంది. ఈ బుర్ర ఇలాగే ఉంటే కలెమ్ వస్తుంది. సరైతే లోరెంగ్. కానీ పొంతన లేనిదాన్ని మా పద్ధతిలో ఉంచం. పెట్టినవాళ్ళనే అడిగి సరిచేయించాలి. ఎవరిదో తెలుసుగా?"

తెలుసు. అది నా తమ్ముడు ఎమాసెది.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. నాకు లోరెంగ్ కావాలి. ఆరు రోజులు నడిస్తే నా మేకల్లో చూలుతో ఉన్నవన్నీ దారిలోనే పడిపోతాయి. నాపువా కాళ్ళు అప్పటికే పుల్లల్లా ఉన్నాయి. ఆ బుర్ర సరైతే లోరెంగ్ అని ముసెంబి అనగానే గులకరాళ్ళు కొంగున పోసుకుని లేచాను.

ఎమాసెకి ఇరవై రెండేళ్ళు. మా ఆయన పోయాక నా పశువుల్ని కాయడానికి వచ్చి మా దగ్గరే ఉండిపోయాడు. వాడికి ఒక మచ్చల ఎద్దు ఉండేది. దానిమీద పాటలు కట్టి పాడేవాడు. నాపువాని భుజాలమీద ఎక్కించుకుని ఆ ఎద్దులా రంకెలు వేసేవాడు. నెల రోజులనుంచి ఆ పాటలు లేవు. మంటలు మండే ఎండలో కూడా భుజాలమీద దుప్పటి తియ్యడం లేదు. కొత్త పెళ్ళికూతురా ఏంట్రా నువ్వు అని నేను ఆటపట్టిస్తే విసుక్కునేవాడు.

ఎద్దు నీడలో కూర్చుని ఉన్నాడు. వాడి ముందు ఎర్రరాయి లోరెంగ్ అనీ, ఒంటె పెంటిక కలెమ్ అనీ పెట్టి, కలెమ్ వైపు తొమ్మిది గులకరాళ్ళు పోశాను.

"ఇది నువ్వు పెట్టిందే. నీ రాళ్ళు చుట్టు తిరిగాయట, మిగతా రెండింటితో పొంతన కుదరలేదట. ఏదో ఒకటి తప్పు. సరిచెయ్యి."

వాడు రాళ్ళవంక చూశాడు. "ఏది తప్పట?"

"నాకేం తెలుసు? నీ రాళ్ళు."

"మాస్టారికి తెలీదా?"

"ఆయనకి లెక్క తెలుసు. ఒరేయ్, మిగతా రెండూ మామ అన్నట్టే పెట్టావు. ఇదొక్కటే ఎదురు తిరిగింది. అందరూ రాజీ ఉంది కదా అంటున్నారు. గడ్డి మోకాలి దాకా ఉందట అక్కడ. నీ ఎద్దు డొక్కలు చూడు."

వాడు ఎద్దు వంక చూడలేదు. తర్వాత ఒక్కొక్క రాయీ తీసి పిడికిట్లో వేసుకున్నాడు, తొమ్మిదీ. అందులోనుంచి మూడు ఎర్రరాయి పక్కన పెట్టాడు. మిగతావి దూరంగా విసిరేశాడు.

"చాలా?"

"చాలు."

నేను లేస్తుంటే, "నాపువా కూడా వస్తుందా?" అన్నాడు.

"రాక?"

"ఏటి వంపు దగ్గర మన పిన్ని ఉందిగా. దాని దగ్గర వదిలెయ్యరాదూ, వానలు పడేదాకా."

"మేకల్ని ఎవరు కాస్తారు, నువ్వా? దుప్పటి కప్పుకుని?" అని నవ్వి, రాళ్ళు ఏరుకుని వచ్చేశాను. ఎందుకురా అని అడగలేదు. ఆ మాట నోటిదాకా కూడా రాలేదు.

లోరెంగ్ వెళ్ళాం. ముసెంబి అందరితో చేతులు కలిపి, నాకు తన పెన్ను ఇచ్చి, లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆయన మంచివాడు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

గడ్డి నిజంగానే ఉంది. పది రోజులు కడుపునిండా పాలు తాగాం. నాపువా బుగ్గలు కనిపించాయి. అమోని, నేను ఊట దగ్గర పక్కపక్కనే తోళ్ళు కడిగేవాళ్ళం. పదకొండో రోజు తెల్లారుతుండగా, పశువుల్ని దొడ్లనుంచి వదులుతున్న వేళకి, వాళ్ళు కొండ దిగారు.

మొదటి తూటా అమోనికి తగిలింది. నాతో ఏదో చెబుతూ చెబుతూనే మోకాళ్ళమీద కూలబడింది. ఆ మాటేంటో నాకు ఇప్పటికీ తెలీదు. తర్వాత అన్నివైపులనుంచీ తుపాకులు. ఒంటెలు అరుస్తూ గుడిసెల మీదనుంచి పరిగెత్తాయి, లోపల పసిపిల్లలుండగానే. పశువుల్ని తోలుకుపోవడానికి వచ్చినవాళ్ళు పశువుల వెంట వెళతారు. వీళ్ళు వెళ్ళలేదు. గుడిసె గుడిసెకీ వచ్చారు. ఒక ముసలిదాన్ని కాలు పట్టి బయటికి ఈడ్చి, ఈటెతో నేలకి గుచ్చారు. అది ఆ ఈటెని రెండు చేతులతో పట్టుకుని, గుచ్చినవాణ్ణి బూతులు తిడుతూనే చచ్చిపోయింది.

ఒకడు నా దొడ్డి కంప దాటి వచ్చాడు. కుర్రాడే, మీసం కూడా సరిగ్గా లేదు. నా చేతికి రోకలి దొరికింది. మొదటి దెబ్బకి వాడి తుపాకి పడింది, రెండో దెబ్బకి దవడ పక్కకి పోయింది. ఆ తర్వాత ఎన్ని కొట్టానో తెలీదు. వాడు కదలడం మానేశాక కూడా కొట్టాను. రోకలికి అంటుకున్నదేమిటో నేను చూడలేదు.

తల ఎత్తి "నాపువా!" అని కేకేశాను.

అది మేకల మధ్య పడుకుని ఉంది. దాక్కుందనుకున్నాను. తెలివైన పిల్ల, మేకల్లో మేకలా దాక్కుందని మెచ్చుకున్నాను కూడా. వెళ్ళి లేపబోతే దాని వీపు కింద నేలంతా తడిగా ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది. నేను దాన్ని ఒళ్ళో వేసుకుని, లేవే, పోయారు, లేవే అంటూనే ఉన్నాను. నా జీవితంలో అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. ఆ రోజు చచ్చిపోయిన పద్నాలుగుమందిలో అది ఒకత్తె.

మామ కుడిచెయ్యి మోచేతి దగ్గర వేలాడుతోంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. "నేను ఈటె పాతాను," అంటూ తిరుగుతున్నాడు. "నా చేత్తో పాతాను. ఎందుకొచ్చారు? రాజీ ఉండగా ఎందుకొచ్చారు?"

దానికి జవాబు ఎమాసె చెప్పాడు. వాడి ఒళ్ళంతా మసి, తుపాకి ఖాళీ. వాడు కూడా ముగ్గురిని పడగొట్టాడని తర్వాత తెలిసింది. నా ఒళ్ళో నాపువాని చూసి అక్కడే ఆగిపోయాడు. దుప్పటి తీసి కింద పడేశాడు. కుడి భుజంమీద వరసలుగా కోసిన గాట్లు, ఇంకా పూర్తిగా మానలేదు. మాలో ఆ గాట్లు ఎవడు వేయించుకుంటాడో పసిపిల్లకి కూడా తెలుసు. శత్రువుని చంపినవాడు వేయించుకుంటాడు.

"నెలన్నర కింద," అన్నాడు. "ఇక్కడే, ఊట దగ్గర. వాళ్ళలో ఒకడు ఒంటరిగా ఉన్నాడు. ఓలికి పది పశువులు తోలుకొస్తే పెళ్ళవుతుందనుకున్నాను. పశువులు దొరకలేదు. వాడు దొరికాడు."

మొదటి దెబ్బ నాదే. నాపువాని పక్కన పడుకోబెట్టి, అదే రోకలితో కొట్టాను. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు, అది విరిగిన చప్పుడు వినపడింది. రెండో దెబ్బకి వాడు అడ్డం పెట్టలేదు. అప్పటికి అమోని మొగుడు, మిగతావాళ్ళు వాడిమీద పడ్డారు. మామ ఎడంచేత్తో తుపాకి గాల్లోకి పేల్చకపోతే అక్కడే ముక్కలు చేసేవాళ్ళు.

"కూర్చుని తేల్చుకుందాం," అన్నాడు. "మనం మనుషులం."

ఆయన గొంతు అప్పుడే ముసలిదైపోయింది.

చచ్చిపోయినవాళ్ళ పనులయ్యాక వెనక్కి వచ్చి ఏటి వంపు దగ్గర దిగాం. అవతలివాళ్ళ దగ్గరనుంచి కబురు వచ్చింది. రాజీ తప్పినవాణ్ణి అప్పగిస్తే ఇంతటితో ఆపుతారట. అప్పగిస్తే వాణ్ణి ఏం చేస్తారో ఎవరూ అడగలేదు. మాముందు మూడు దార్లున్నాయి. వాడి ఈడువాళ్ళ చేతనే కట్టేసి కొట్టించడం, అది మా ఆచారం. గుంపులోనుంచి వెళ్ళగొట్టడం. అప్పగించడం.

పెద్దలు మేకని కోయలేదు. ఎవరి నోటినుంచి ఆ మాట వస్తే వాళ్ళింటికి అది అంటుకుంటుందని అందరికీ భయం. చివరికి మామ నావైపు తిరిగాడు.

"అమ్మా, ఆ మాస్టారి రాళ్ళు ఉన్నాయా?"

"ఉన్నాయి, మామా."

"అందరిచేతా పెట్టించు. నీ గుడిసెలోనే. నువ్వూ పెట్టు."

"నేను వాడి అక్కని."

"నువ్వు నాపువా తల్లివి కూడా," అన్నాడాయన.

రోజంతా పెట్టించాను. ఒక్కొక్కరే వచ్చారు. కట్టెకి ఒక చెప్పు కట్టి వెళ్ళగొట్టడమన్నాం. తాడుముక్క కొట్టించడం. ఎర్రరాయి అప్పగించడం. రెండేసి చొప్పున. అమోని మొగుడు ఎర్రరాయి దగ్గర తొమ్మిది రాళ్ళనీ ఒక్కసారే గుప్పెడుగా కొట్టాడు, ఒకటి ఎగిరి నా కనుబొమకి తగిలి నెత్తురు కారింది. నేను తుడుచుకోలేదు. ఒక పిల్లతల్లి మాత్రం తాడుముక్క పక్కన రాళ్ళు పెట్టి, నా మోకాలు తట్టి వెళ్ళిపోయింది.

పొద్దు వాలాక నా వంతు నేను పెట్టుకున్నాను. తాడా, చెప్పా అన్నప్పుడు చెప్పు వైపు మూడు పెట్టాను. వాడి మొహం మళ్ళీ నాకు కనిపించకూడదు. చెప్పా, ఎర్రరాయా అన్నప్పుడు ఎర్రరాయి వైపు అయిదు పెట్టాను. వాడు ఎక్కడో బతికి ఉండి, పెళ్ళి చేసుకుని, కూతురిని ఎత్తుకుంటాడన్న ఊహ నేను భరించలేకపోయాను. ఆఖరిది ఎర్రరాయి, తాడు. వాడు నాపువాని భుజంమీద ఎక్కించుకుని రంకెలు వేస్తున్నట్టు చెవుల్లో వినపడుతోంది. తాడు వైపు తొమ్మిది పెట్టాను.

మూడింటినీ కలిపి చూసుకున్నాను. మేకపిల్ల నాకంటే పొడుగైంది. సరిచేసుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు, లెక్క వేసేదాన్ని కూడా నేనే. అలాగే బుర్రలో వేసి మూత పెట్టేశాను.

లెక్కలో తాడు వచ్చింది, కాస్త మొగ్గుతో. మర్నాడు పొద్దున వాణ్ణి ఏటిగట్టున తుమ్మచెట్టుకి కట్టారు. వాడి మచ్చల ఎద్దు దాడిలో పోలేదు. దాన్ని వాడి కళ్ళముందే పొడిచి, కోసి, కాల్చుకు తిన్నారు. తింటూ మధ్యమధ్యలో లేచి కొట్టారు, వాడితో కలిసి పెరిగినవాళ్ళే, పచ్చి బెత్తాలతో. తోలు చిట్లిన చోటే మళ్ళీ కొట్టారు. భుజంమీది గాట్లు ఎవరికీ కనిపించకుండా పోయేదాకా కొట్టారు. ఒకడు కొడుతూ ఏడ్చాడు. మధ్యాహ్నానికి వాడు అరవడం మానేశాడు. నేను చివరిదాకా అక్కడే నిలబడ్డాను. ఒక్కొక్క దెబ్బకీ ఇంకొకటి పడాలనీ, ఇది ఆఖరిది కావాలనీ రెండూ అనుకున్నాను.

విప్పాక ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు. నేను దోనెతో నీళ్ళు పట్టుకెళ్ళాను. అమోని పన్ను ఊడగొట్టిన దోనె అదే. వాడు ఇసకలో బోర్లా పడి ఉన్నాడు. ఒక కన్నే తెరుచుకుంటోంది.

"అక్కా," అన్నాడు. "నువ్వేం పెట్టావు?"

చెప్పకూడదు. ఒట్టు ఉంది. అయినా చెప్పాను.

"నావి చుట్టు తిరిగాయిరా."

మా గుంపులో ఆ మాటకి అర్థం తెలిసినవాడు వాడొక్కడే. విరిగిన చేతిని మొహంమీదికి లాక్కుని, ఇసకలోకి నోరు పెట్టి ఏడ్చాడు. ఏడుస్తూనే తల తిప్పి, "మరి సరిచెయ్యలేదా?" అన్నాడు.

"లేదు," అన్నాను.

వాడి తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుని దోనె నోటికి అందించాను.